పాత కారుకు కొత్త ముక్కు.. మిగిలే పెట్రోలు ఎన్ని చుక్కలు?

మధురవాడ: ఇక్కడ బస్సు ఆగే ఒక కూడలికి కార్‌షెడ్ జంక్షన్ అని పేరు. కార్ల గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే తగిన చోటు ఉండదు. ఒకప్పుడు విశాఖకు దూరాన ఉన్న పల్లె మధురవాడ. 2005లో గ్రేటర్ విశాఖ నగరపాలక సంస్థ ఏర్పడినప్పుడు నగరంలో కలిసింది. ఒక పక్క ఋషికొండ ఐ.టి. భవనాలు, మరో పక్క క్రికెట్ స్టేడియం, నడుమ కోల్‌కతా నుంచి చెన్నై వెళ్లే జాతీయ రహదారి. ఇల్లు ఇక్కడ, ఉద్యోగం రేవులోనో గాజువాకలోనో. ఇలా రోజూ నగరం ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగే వారిలో కొత్త కారు కొనే స్తోమత లేక, ఉన్న పాత కారును వదులుకోలేక నెట్టుకొస్తున్న వారూ ఉన్నారు.

పాత కారు పెద్ద ఎద్దు లాంటిది. మేత ఎక్కువ, పని తక్కువ. లీటరు పెట్రోలు ధర 2021లో వంద రూపాయలు దాటింది. పదిహేనేళ్లు నిండిన కారుకు రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే అంతకు ముందు 600 రూపాయలు సరిపోయేది. 2022 ఏప్రిల్ నుంచి అది 5,000 అయింది. ఈ ఖర్చులన్నీ చూసుకున్న యజమానికి ఎవరో ఒకరు ఒక ఉపాయం చెబుతారు. ముందు భాగం మూసేసి నున్నగా చేయించు, దీపాలు లోపలికి పెట్టించు, పాత బల్బులు పీకి ఎల్.ఇ.డి.లు వేయించు, మైలేజీ దానంతట అదే పెరుగుతుందని. ఇందులో నిజం ఎంత? ఆ నిజం మధురవాడ దారుల మీద ఎన్ని రూపాయలు చేస్తుంది? అసలు చూడవలసింది ఇదే.

కనిపించని అడ్డం

చదును నేల మీద ఒకే వేగంతో పోతున్న కారు రెండు అడ్డంకులను నెట్టుకుంటూ పోవాలి. ఒకటి, నేలకు నొక్కుకుని దొర్లే టైర్ల రాపిడి. రెండోది, ఎదురుగా ఉన్న గాలి. టైర్ల రాపిడి బండి బరువును బట్టి, టైర్లలోని గాలిని బట్టి ఉంటుంది. వేగం పెరిగినా పెద్దగా మారదు. గాలి అడ్డు అలా కాదు. వేగం రెట్టింపైతే అది నాలుగింతలవుతుంది.

మారుతి 800 లాంటి చిన్న కారునే తీసుకుందాం. 1983 డిసెంబరులో తొలి కారు రోడ్డెక్కిన దగ్గర నుంచి 2014 జనవరిలో తయారీ ఆగిపోయే వరకు మధ్యతరగతి ఇంటి ముందు నిలబడ్డ బండి ఇదే. కారు బరువు సుమారు 650 కిలోలు. ఇద్దరు మనుషులు ఎక్కితే 800 కిలోల దాకా తూగుతుంది. ఉజ్జాయింపున లెక్క వేస్తే, గంటకు 30 కి.మీ. వేగంలో గాలి అడ్డు టైర్ల రాపిడిలో నాలుగో వంతే. 55, 60 మధ్య రెండూ సమానం అవుతాయి. 80కి చేరేసరికి గాలి అడ్డు టైర్ల రాపిడికి రెట్టింపు. అంటే నిదానంగా పోయే బండికి నేలే బరువు. వడిగా పోయే బండికి గాలే బరువు.

విశాఖ వాసులకు ఇంకో సంగతి కూడా అనుభవమే. వర్షాకాలంలో నైరుతి గాలి తీరం వెంబడి వీస్తుంది. భీమిలి నుంచి బీచ్ రోడ్డు మీద విశాఖ వైపు వచ్చే కారు ఆ గాలికి ఎదురు పోవాలి. కారు వేగం 50, ఎదురుగాలి వేగం 20 అయితే కారుకు తగిలేది 70 కి.మీ. గాలి. అడ్డు దాదాపు రెట్టింపవుతుంది. అదే దారిలో తిరిగి భీమిలి వెళ్లేటప్పుడు అదే గాలి వీపు తడుతుంది.

ఏ దారిలో తిరిగే కారు?

బాడీ మార్పించాలనుకునే వారు ముందు వేసుకోవలసిన ప్రశ్న ఇది. మధురవాడ నుంచి నగరంలోకి వెళ్లే కారు ఎండాడ, హనుమంతవాక, వెంకోజిపాలెం, ఇసుకతోట దాటి మద్దిలపాలెం చేరాలి. కూడలి కూడలికీ ఆగాలి. ఇలాంటి దారిలో పెట్రోలును తినేది గాలి కాదు, బ్రేకు. ఆగిన కారును కదిలించి వేగం అందుకునేందుకు కాల్చిన పెట్రోలంతా బ్రేకు వేయగానే వేడిగా మారి చక్రాల దగ్గర ఆవిరైపోతుంది. ఎర్ర దీపం దగ్గర ఇంజను ఊరికే తిరిగినంత సేపూ మైలేజీ సున్నా.

రోజుకు 40 కి.మీ. చొప్పున నెలకు 26 రోజులు తిరిగే కారు లీటరుకు 15 కి.మీ. ఇస్తుందనుకుందాం. నెలకు సుమారు 70 లీటర్లు. లీటరు వంద రూపాయల లెక్కన 7,000 రూపాయలు. ఇప్పుడు టింకరింగ్ షెడ్డులో పెట్టి, రేకు కొట్టించి, పుట్టీ పెట్టించి, రంగు వేయించి, గాలి అడ్డును పదో వంతు తగ్గించారనుకుందాం. ఆగుతూ సాగే నగరం దారిలో అందువల్ల మిగిలేది మహా అయితే నూటికి ఒక వంతు. నెలకు 70 రూపాయలు! షెడ్డువారికి ఇచ్చిన వేల రూపాయలు తిరిగి రావాలంటే కారు ఇంకో పదేళ్లు బతకాలి. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే.

అదే కారు కొమ్మాది, మారికవలస, బోయపాలెం దాటి, ఆనందపురం మీదుగా శ్రీకాకుళం వైపు 80 కి.మీ. వేగంతో పోతుంటే లెక్క మారుతుంది. గాలి అడ్డులో పదో వంతు తగ్గితే కారు మీద పడే మొత్తం భారంలో నూటికి ఆరేడు వంతులు తగ్గుతాయి. కనుక బాడీ నునుపు చేస్తే లాభం లేదనడం తప్పు. ఆ లాభం రహదారిదే గాని ఊరి దారిది కాదన్నది గుర్తుంచుకోవాలి.

పెట్టె బండి నేర్పిన పాఠం

ఈ విద్య కొత్తది కాదు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగించినప్పుడు ప్రపంచమంతా పెట్రోలు పొదుపు దారులు వెతికింది. ఆ రోజుల్లోనే అమెరికాలో నాసా వారి డ్రైడెన్ పరిశోధన కేంద్రానికి చెందిన ఇంజనీరు ఒకరు సైకిల్ మీద పోతుండగా పక్కనుంచి వెళ్లిన పెద్ద లారీ గాలి ముందు ఆయనను పక్కకు తోసింది, వెంటనే తన వైపు లాగింది. అంత గాలిని తోయడానికి ఆ లారీ ఎంత ఇంధనం వృథా చేస్తోందో అన్న ఆలోచన అక్కడ మొదలైంది. కేంద్రంలో పాత వ్యాను ఒకదానికి చుట్టూ అల్యూమినియం రేకు బిగించి అచ్చంగా చెప్పుల పెట్టెలా తయారు చేశారు. తరువాత దాని మూలలను ఒక్కొక్కటిగా గుండ్రంగా మలిచి చూశారు. గాలి అడ్డు సగానికి పైగా తగ్గింది. ఇవాళ రహదారి మీద కనిపించే పెద్ద లారీల క్యాబిన్లు గుండ్రటి మూలలతో ఉండడం వెనుక ఇలాంటి పరీక్షల ఫలితం ఉంది.

ఇంకా ముందుకు వెళ్లినవారూ ఉన్నారు. అమెరికాలోనే ఒక ఔత్సాహికుడు తన 1992 నాటి హోండా సివిక్‌కు ఇంటి దగ్గరే పొడవాటి తోక, వెనుక చక్రాలకు మూతలు, అడుగున పలకలు అమర్చి గాలన్‌కు 95 మైళ్లు సాధించినట్టు ప్రకటించి వార్తలకెక్కాడు. మన లెక్కలో లీటరుకు 40 కి.మీ. అయితే అది గంటకు వంద కి.మీ. దాటిన వేగంతో, ఆగకుండా పోయే విశాలమైన రహదారి లెక్క. ఇసుకతోట సిగ్నలు దగ్గరి లెక్క కాదు.

మరి మన అంబాసిడర్‌కు ఈ పాఠం ఎంతవరకు పనికి వస్తుంది? 1950ల చివర ఉత్తరపారా ఫ్యాక్టరీలో పుట్టి 2014 మే వరకు తయారైన ఆ కారుకు పుట్టుకతోనే గుండ్రటి భుజాలు. నాసా వారి పెట్టె బండికి ఉన్న పదును మూలలు దానికి లేవు. మలచడానికి మిగిలింది తక్కువ. పైగా 1,100 కిలోలు దాటిన బరువు. ఊరి దారిలో దాని పెట్రోలు తాగుడుకు ముఖ్య కారణం ఆ బరువే గాని ముఖం కాదు.

ముందు జాలీని రేకుతో మూసేస్తే గాలి బానెట్ లోపల చిక్కుకోకుండా పక్కకు జారుతుందన్న మాటలో నిజం ఉంది. చలి దేశాల్లో అది చెల్లుతుంది. విశాఖలో ఏప్రిల్, మే నెలల ఉక్కపోతలో రేడియేటరుకు గాలి ఆడకపోతే హనుమంతవాక దాటి ఎండాడ వైపు ఎక్కేసరికి నీళ్లు మరుగుతాయి. కార్బురేటర్ బండి అయితే పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజను ఆగిపోవచ్చు. హెడ్ గ్యాస్కెట్ కాలితే పెట్టే ఖర్చు ముందు, మిగిలిన పెట్రోలు ఎంత?

దీపం ఎవరి కోసం?

ఇక హెడ్‌లైట్ల సంగతి. అంబాసిడర్‌కూ, ప్రీమియర్ పద్మినికీ కళ్లు బయటికి పొడుచుకు వచ్చిన గుండ్రటి దీపాలు. వాటి చుట్టూ గాలి సుడి తిరుగుతుంది కాబట్టి దీపాన్ని బాడీలో కలిపేస్తే అడ్డు తగ్గుతుందన్నది కార్ల కంపెనీలకు తెలిసిన విషయమే. అమెరికాలో 1940 నుంచి కార్లన్నిటికీ కొలత ప్రకారం సీల్డ్ బీమ్ దీపాలే ఉండాలని నియమం ఉండేది. వాటి మీద నున్నటి అద్దం మూతలు బిగించడాన్ని కూడా 1968 మోడళ్ల నుంచి నిషేధించారు. 1983లో ఆ నియమం సడలాక, 1984 మోడల్ లింకన్ మార్క్ 7 కారు బాడీలో కలిసిపోయిన దీపాలతో వచ్చింది. గాలి అడ్డు తగ్గించి పెట్రోలు ఆదా చేయాలన్నది ఆ మార్పు కోరడానికి ముఖ్య కారణాల్లో ఒకటి.

కాని అక్కడ జరిగిన పని ఏమిటో గమనించాలి. దీపాన్ని, బాడీని ఫ్యాక్టరీలోనే కలిపి రూపొందించారు. కాంతి ఎటు పడాలి, ఎక్కడ ఆగిపోవాలి అన్నది కొలిచి మరీ చేశారు. పాత కారు దీపం మీద ప్లాస్టిక్ పలక బిగిస్తే జరిగేది వేరు. ఆ పలక ఎండకు పసుపు పచ్చగా మారుతుంది. సముద్రపు తేమ, ఉప్పు, దుమ్ము పట్టి మసకబారుతుంది. వెలుతురు రోడ్డు మీద పడకుండా నలుదిక్కులా చెదురుతుంది.

బల్బు మార్పు మరీ ప్రమాదం. హాలోజన్ దీపం వెనుక ఉన్న అద్దపు గిన్నెను ఫిలమెంటు ఒకే చోట ఉంటుందన్న నమ్మకంతో మలుస్తారు. ఆ చోటు కొద్దిగా జరిగినా కాంతి గతి తప్పుతుంది. ఆ గిన్నెలో ఇష్టం వచ్చిన ఎల్.ఇ.డి. బల్బు దూర్చితే డిప్‌లో ఉన్నా వెలుగు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పొడుస్తుంది. వెనకటి రోజుల్లో హెడ్‌లైటు అద్దం మీద నల్ల రంగు చుక్క పెట్టేవారు. ఎదుటివాడి కళ్లకు పొడ తగలకూడదన్న మర్యాద అది.

ఇందులో మిగిలే పెట్రోలు లెక్క కూడా చూద్దాం. డిప్‌లో రెండు హాలోజన్ బల్బులు కలిసి 110 వాట్లు తీసుకుంటాయి. ఇంజను, ఆల్టర్నేటరు వృథా చేసేది కలుపుకుంటే అందుకు గంటకు సుమారు పదో వంతు లీటరు ఖర్చు. ఎల్.ఇ.డి.లు పెట్టి 40 వాట్లకు తగ్గించారనుకుంటే, మధురవాడ నుంచి శ్రీకాకుళానికి రెండున్నర గంటల రాత్రి ప్రయాణంలో మిగిలేది దాదాపు 150 మిల్లీలీటర్లు. అంటే పదిహేను రూపాయలు.

ఆ పదిహేను రూపాయలకు ఎదుటి పళ్లెంలో ఉన్నదేమిటి? తెల్లవారక ముందే ఆనందపురం పూల మార్కెట్‌కు బుట్టలు కట్టుకుని మోటారు సైకిళ్ల మీద వచ్చే రైతులు. పొద్దు పొడవక ముందే రోడ్డు దాటే కూలీలు. కళ్లు బైర్లు కమ్మిన రెండు మూడు సెకన్లలో 60 కి.మీ. వేగంతో పోయే బండి నలభై, యాభై మీటర్లు గుడ్డిగా పరుగెడుతుంది. హెడ్‌లైటు పెట్టించుకున్నవాడిదే అయినా, దాని మంచి చెడ్డలు ఎదుటివాడివి.

చట్టం ఏమంటోంది?

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్ణయించిన వివరాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కేరళకు చెందిన ఒక కేసులో ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి జరిగిన సవరణతో 182-ఎ సెక్షను చేరింది. అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కారు ముందు బిగించే ఇనుప కమ్మీల క్రాష్ గార్డులు కూడా చట్టవిరుద్ధమేనని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు తెలియజేసింది.

దీపాలకు వేరే నియమం ఉంది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని 106వ నియమం ప్రకారం 8 మీటర్ల దూరంలో, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న కంటికి మిరుమిట్లు గొలపని విధంగా కాంతి కిందికి వంగి ఉండాలి. మీటరున్నర అంటే దాదాపు స్కూటరు నడిపేవాడి కన్ను ఎత్తు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ పట్టుకోవడం ఒక ఎత్తు. ప్రమాదం జరిగిన నాడు అనుమతి లేని మార్పులు ఉన్న బండి అని తేలితే బీమా సొమ్ముకు కూడా చిక్కులు రావడం మరో ఎత్తు.

చేర్చడం కాదు, తీసేయడం

అలాగని పాత కారు యజమాని చేతులు ముడుచుకు కూర్చోనక్కర లేదు. మైలేజీ పెంచే మార్పుల్లో చవకైనవీ, చట్టానికి ఒప్పేవీ ఉన్నాయి. వాటిలో చాలా వరకు ఏదో చేర్చడం వల్ల కాక, తీసేయడం వల్ల వచ్చేవే.

మొదటిది నెత్తి మీది క్యారియర్. పెళ్లికో, తీర్థానికో ఒకసారి బిగించిన క్యారియర్ ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. పైన సామాను పెట్టె ఉంటే ఊరి దారిలో నూటికి 2 నుంచి 8 వంతులు, రహదారి మీద 6 నుంచి 17 వంతుల మైలేజీ పోతుందని అమెరికా ప్రభుత్వ ఇంధన విభాగం లెక్క. ఖాళీ క్యారియర్ అంత తినకపోయినా గాలికి అడ్డం అడ్డమే. నాలుగు బోల్టులు విప్పితే పైసా ఖర్చు లేని బాడీ మార్పు ఇది. ముందున్న ఇనుప కమ్మీలు విప్పితే బరువూ తగ్గుతుంది, చట్టం బాధా తీరుతుంది.

రెండోది డిక్కీ. స్టెప్నీ, జాకీ, పానాలు ఉండాలి. ఏళ్ల నాటి అరిగిన టైర్లు, పనికిరాని సామాన్లు ఉండనక్కర లేదు. ఊరి దారిలో ఆగి కదిలే కారుకు ప్రతి కిలో బరువే. మూడోది టైర్లలో గాలి. ప్రతి పౌను గాలి తగ్గుదలకు నూటికి 0.2 వంతు మైలేజీ పోతుందని అదే విభాగం చెబుతోంది. పది పౌన్లు తగ్గితే 2 వంతులు. అంటే మన లెక్కలోని కారుకు నెలకు 140 రూపాయలు. రేకు కొట్టించిన దానికి రెట్టింపు లాభం, బంకులో రెండు నిమిషాల పని!

వేగం అన్నిటికంటే పెద్దది. 1978లో ఏర్పడిన పెట్రోలియం పొదుపు పరిశోధన సంఘం ఏళ్ల తరబడి ఒకే మాట చెబుతూ వచ్చింది. 80 కి.మీ. వేగంతో కంటే 45, 55 మధ్య నడిపితే మైలేజీ 40 శాతం వరకు ఎక్కువ రావచ్చని. గాలి అడ్డు లెక్క తెలిసినవారికి ఇందులో ఆశ్చర్యం లేదు. ఏ టింకరింగ్ మేస్త్రీ చేయలేని పనిని కుడి కాలు చేస్తుంది. అయితే రహదారి మీద మరీ నిదానంగా పోయేవారు ఎడమ వరుసలోనే ఉండాలి.

హెడ్‌లైట్లకూ మంచి మార్పు ఉంది. పాత కార్ల వైర్లు, స్విచ్చి, ఎర్తు తుప్పు పట్టి బల్బుకు చేరవలసిన వోల్టేజీ దారిలోనే పోతుంది. వోల్టేజీ పదో వంతు తగ్గితే వెలుతురు దాదాపు మూడో వంతు తగ్గుతుంది. కొత్త వైరు, రిలే వేయించి, ఎర్తు గీకించి, వెలసిన గిన్నె స్థానంలో అదే కొలతది కొత్తది పెట్టించి, 60/55 వాట్ల మామూలు బల్బే ఉంచి, గోడ ముందు నిలబెట్టి దీపం ఎత్తు సరిచేయిస్తే చాలు. మన రోడ్డు మనకు కనిపిస్తుంది, ఎదుటివాడి రోడ్డు వాడికి కనిపిస్తుంది. 100/90 వాట్ల బల్బుల జోలికి పోకూడదు. అవి హోల్డరును కరిగిస్తాయి, పెట్రోలూ ఎక్కువ తాగిస్తాయి.

కార్‌షెడ్ జంక్షన్ నుంచి రేపు పొద్దున బయలుదేరే పాత కారుకు కొత్త ముక్కు అక్కర లేదు. నెత్తి మీది బరువు దించి, టైర్లలో గాలి నింపి, దీపం తల కొంచెం కిందికి వంచితే చాలు. పెట్రోలు అందులోనే మిగులుతుంది. ఎదురుగా పూల బుట్టతో వచ్చేవాడు కూడా క్షేమంగా ఇల్లు చేరతాడు.